తువ్వాలు తగాదా

మా బావ చేసిన చివరి మామూలు పని, నాకు ఫోన్ చేసి తన గొడుగు నేను ఎత్తుకుపోయానని నింద వేయడం.

"ఏరా బామ్మర్దీ, నా నల్లగొడుగు ఏది?"

"నీ గొడుగు సంగతి నాకేం తెలుసు బావా?"

"పోయిన ఆదివారం మా ఇంటికొచ్చావు. అప్పట్నుంచీ గొడుగు కనపడట్లేదు. మిగతాది నువ్వే ఆలోచించుకో."

"ఆదివారం ఎండ మండిపోయింది. గొడుగు నేనేం చేసుకోను?"

"ఎండకి కూడా వేసుకుంటారు కొందరు. నాజూకు మనిషివి కదా!"

నాకు ఒళ్లు మండింది. "వస్తున్నా ఉండు. వచ్చి మీ ఇల్లంతా నేనే వెతుకుతా. దొరికిందో, దాంతోనే నీ నెత్తి మీద ఒకటిస్తా" అన్నాను. "రా రా, చూద్దాం" అని ఫోన్ పెట్టేశాడు. నేను విసుక్కుంటూ చెప్పులు వేసుకుంటుండగా అక్క ఫోన్ వచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నాడట. పిలిస్తే పలకలేదట. ఫోన్ ఇంకా చేతిలోనే ఉందట.

అలా ఆ గొడుగు తగువు తేలకుండానే ఉండిపోయింది.

మా బావ పొట్టి మనిషి, దట్టమైన మీసం. విసుగు ఆయన పుట్టుకతో తెచ్చుకున్న ఆస్తి. పొద్దున్నే ఎవరో తనకేదో ఎగ్గొట్టినట్టు నిద్ర లేచేవాడు. "ఏం మనుషులో, ఏం పద్ధతులో" అనేది ఆయన ఊతపదం. టీ చల్లారినా అదే మాట, ప్రభుత్వం మారినా అదే మాట. పెళ్లైన కొత్తలో మా అక్క భయపడిపోయిందట. తర్వాత్తర్వాత, "ఒక పూట విసుక్కోకపోతే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూస్తాను" అనేది.

నా కాపురం చెదిరి నేనొక్కణ్ణే ఉండటం మొదలైన దగ్గర్నుంచీ ఆయన మతిమరుపు ముదిరింది. ఏ వస్తువు కనపడకపోయినా దొంగ నేనే. స్క్రూడ్రైవరు, కళ్లజోడు పెట్టె, గోళ్లు తీసుకునే కట్టరు. నేను అచ్చుప్రతులు దిద్దుకుంటూ ఇంట్లో కూర్చునే మనిషిని, నాకు స్క్రూడ్రైవరు ఎందుకు? ఆ మాట ముఖం మీదే అనడానికి కారేసుకుని వెళ్లేవాణ్ణి. వెళ్లి, పోట్లాడి, ఆ కోపంలోనే భోజనం కూడా చేసి, చీకటి పడ్డాక ఇంటికొచ్చేవాణ్ణి.

బావ సగం జీవితం బస్సు కండక్టరుగా గడిపాడు. ఆ రోజుల కథ ఒకటి ఎన్నిసార్లు చెప్పాడో. "కిక్కిరిసిన బస్సులో 'టికెట్ లేనివాళ్లెవరయ్యా' అని అరిచావనుకో, అందరూ కిటికీల్లోంచి ప్రకృతి అందాలు చూస్తారు. అలా అరవకూడదు. టికెట్ కొన్న పెద్దమనిషిని ఒకణ్ణి చూసుకుని, 'ఏమయ్యా, నువ్వు తీసుకోలేదు' అనాలి. వాడు ఆ చివర్నుంచి జనాన్ని తోసుకుంటూ, కాళ్లు తొక్కుకుంటూ వచ్చి టికెట్ నా ముఖాన కొడతాడు."

"దానివల్ల టికెట్ లేనివాడు ఎలా దొరుకుతాడు బావా?"

"వాడు దొరకడు. ఒక మనిషి మాత్రం ముందుకొస్తాడు. వాడి వెనకాల నలుగురు జరుగుతారు. నాకు తలుపు దగ్గర చోటు దొరుకుతుంది."

అందరం నవ్వేవాళ్లం. బస్సు కబుర్లలో అదొకటి, అంతే అనుకునేవాళ్లం.

మోకాళ్లు అరిగి బస్సు దిగిపోయాక ఆయన చేరిన ఉద్యోగం వేరు. అమ్మానాన్నలు లేనివాళ్లు, ఉన్నా వాళ్ల దగ్గర ఉండలేనివాళ్లు, పదహారు దాటి పద్దెనిమిది నిండని పిల్లలు కొందరు ఒక రెండంతస్తుల ఇంట్లో ఉండేవాళ్లు. ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. వంటిల్లు మాత్రం ఉమ్మడి. అక్కడి ఫ్రిజ్‌లో కోడిగుడ్ల మీద కూడా ఎవరి గుర్తు వాళ్లు పెన్నుతో గీసుకునేవాళ్లు. సొంతంగా బతకడం నేర్చుకునేదాకా వాళ్లకి తోడుగా పగటిపూట ఉండే కేర్‌టేకరు మా బావ. పైన మేనేజరు మేడమ్ ఒకావిడ.

ఆ ఇంట్లోంచి పిల్లలు అప్పుడప్పుడూ మాయమయ్యేవాళ్లు. కొందరు సాయంత్రానికి వచ్చేవాళ్లు, కొందరు రెండ్రోజులకి. ఎవరైనా చెప్పకుండా పోతే చేయాల్సిన పనులకి ఒక వరస ఉండేది. ముందు గది చూడాలి. ఏం తీసుకెళ్లారు, ఏం వదిలేశారు? ఛార్జర్ తీసుకెళ్తే ఫోన్ మోగుతుంది, మాట్లాడాలనే ఆశ ఇంకా ఉన్నట్టు. మందులు వదిలేస్తే ఆలస్యం చేయకూడదు. స్నేహితుల్ని అడగాలి, పోలీసులకి చెప్పాలి, ఒంటి మీద ఏ బట్టలున్నాయో చెప్పాలి. తర్వాత ఆ పిల్లల ఫోన్‌కి మెసేజ్ పెట్టాలి. "మేమంతా నీకోసం ఎదురుచూస్తున్నాం, నువ్వు క్షేమంగా ఉంటే చాలు" అని మేడమ్ చక్కగా రాసేది.

మా బావ కూడా మెసేజ్ పంపేవాడు, తిట్టుతో. మాట రికార్డు చేసి మరీ. స్టవ్ మీద పాలు పొంగించి తుడవలేదని ఒకరికి, బాత్రూం చెప్పులు గుమ్మంలో వదిలేశావని ఇంకొకరికి.

దీని మీద మేడమ్‌కీ ఆయనకీ ఎప్పుడూ రగడే. "ఇల్లొదిలి పోయిన పిల్లలకి పాలగిన్నె గురించి మెసేజా అండీ? భయపడి ఇంకా దూరం పోతే?" అని ఆవిడ. "మీరు బుజ్జగించండి, నేను తిడతాను. ఇంట్లో ఇద్దరూ ఉండాలిగా" అని ఈయన. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. ఒక కుర్రాడు బావ నంబర్ బ్లాక్ చేసి, చివరికి మేడమ్ మెసేజ్‌కే జవాబిచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లు బావ ఎవరినీ తిట్టలేదు. ఇంట్లో మాకు రెట్టింపు పడ్డాయి.

ఈల సంగతి ఆ తర్వాతిది. ఈల అని పేరు పెట్టుకుంది ఆ పిల్లే. ఆయాసం వస్తే ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు వినిపించేది. "నేనొస్తున్నానని ముందే తెలుస్తుంది, ఇంక పేరెందుకు?" అనేదట. ఇంకో నాలుగు వారాల్లో ఆమెకి పద్దెనిమిది నిండుతాయనగా, వేరే గది చూస్తున్నాం, అక్కడికి మారాలని మేడమ్ చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం నుంచి ఈల లేదు. ఛార్జర్ లేదు. ఇన్‌హేలర్ మాత్రం దిండు పక్కనే ఉంది.

"పంపించేదాకా ఆగడం వాళ్లకి నామోషీరా. ముందే పోతారు" అన్నాడు బావ ఆ సాయంత్రం ఫోన్‌లో. ఆయనకి కారు నడపడం రాదు. అందుకని ఇలాంటప్పుడల్లా నేనే డ్రైవర్ని. పొద్దున్నే రమ్మన్నాడు.

పోలీసులు బట్టలేమిటని అడిగితే, "పసుపు రెయిన్‌కోటు, పొద్దున నా కళ్లతో చూశాను" అని చెప్పాడట. చూసిన మాట నిజమే. ఆయన మర్చిపోయిందల్లా ఒకటే. ఆ ఇంట్లో కోడిగుడ్డుకి సొంతదారు ఉంటాడు గానీ బట్టలకి ఉండడు. ఎవరికి దొరికింది వాళ్లు వేసుకుంటారు.

మర్నాడు తుంపర పడుతోంది. నేను వెళ్లేసరికి గుమ్మంలో ఒక కానిస్టేబుల్, ఆయన పక్కన పసుపు రెయిన్‌కోటులో ఒకమ్మాయి. కానిస్టేబుల్ ముఖం వెలిగిపోతోంది.

"ఇదిగోండి సార్, మీ పిల్ల. బస్టాండ్‌లో దొరికింది."

బావ చూశాడు. "కోటు మాదే. పిల్లా మాదే. తప్పిపోయింది మాత్రం ఈ పిల్ల కాదయ్యా!"

ఆ అమ్మాయిని అందరూ లాయరు అనేవాళ్లు. ఏ మాటన్నా వాదన పెట్టుకునేది. బేకరీలో పొద్దుటి షిఫ్టు ఆమెది. "పేరు చెప్పాను. మళ్లీ చెప్పాను. బేకరీ కార్డు చూపించాను. ఇదెవరి దగ్గర కొట్టేశావన్నారు" అంది చేతులు కట్టుకుని.

"అందరూ వేరే పేరే చెప్తారు కదా సార్, అందుకని..." కానిస్టేబుల్ నసిగాడు.

"ఏం మనుషులో, ఏం పద్ధతులో! నాకు కావాల్సింది నువ్వు కాదమ్మా!" అని బావ గట్టిగా అరిచేశాడు.

"మా అమ్మ కూడా ఇదే మాట అంది" అంది లాయరు.

కానిస్టేబుల్ తన బూట్లకేసి చూసుకున్నాడు. బావ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"నువ్వు రోజూ కావాలి" అన్నాడు, విసుగు అలాగే ఉంది గొంతులో. "ఈ పూట మాత్రం బేకరీకి కావాలి. మా బామ్మర్ది దింపుతాడు. ఆలస్యానికి కారణం నేనని చెప్పు. నమ్మకపోతే నాకు ఫోన్ చేయించు, వాళ్లని కూడా తిడతాను."

"తడవకుండా దింపమనండి" అని కోటు విప్పి ఆయన చేతిలో పెట్టి, కారెక్కి కూర్చుంది.

ఆమెను దింపి తిరిగొచ్చేసరికి గుమ్మంలో వాదన ఇంకా నడుస్తోంది.

"కేసు మూసేశాం సార్. కంప్యూటర్లో దొరికినట్టు ఎక్కిపోయింది."

"తీసెయ్యి."

"తీయడానికి రాదు సార్. దొరికినవాళ్లు మళ్లీ తప్పిపోతే కొత్తది పెట్టొచ్చు."

"దొరకనే లేదు కదయ్యా!"

"అదే సార్ ఇబ్బంది. దొరకనివాళ్లు మళ్లీ ఎలా తప్పిపోతారు?"

ఊపిరాడని పిల్ల ఎక్కడుందో తెలియదు, మందు మా బావ జేబులో ఉంది, లోకమంతా ఆ పిల్ల ఇంటికి చేరిందనుకుంటోంది. వెతికేవాళ్లు వెతకడం మానేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మేడమ్ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆ తుంపరలోనే స్టేషన్‌కి బయల్దేరింది. "కొత్తదో పాతదో, ఆ పిల్ల కోసం మనుషులు కదిలేదాకా అక్కడి కుర్చీలోంచి లేవను. మీరు బయట చూడండి" అంది. అన్నట్టే లేవలేదు. మధ్యాహ్నానికల్లా కేసు మళ్లీ తెరిపించింది. ఆవిడ నోట తిట్టు రాగా ఎవరూ వినలేదు గానీ, ఆ రోజు స్టేషన్‌లో మాత్రం రాబోయి ఆగిందట.

మేమిద్దరం కారులో ఊరు గాలించాం. బస్టాండ్, పార్కు, ఆమె ఫోన్ బాగుచేయించుకునే కొట్టు, మందుల షాపులు. ప్రతిచోటా బావ దిగి, కుంటుకుంటూ వెళ్లి, అడిగి, కుంటుకుంటూ వచ్చి, నా డ్రైవింగ్‌కి వంక పెట్టేవాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమ్మా ఈలా, పోతే పోయావు. తడి తువ్వాలు లాయరు మంచం మీద పడేసి పోతావా? పరుపు నాని కంపు కొడుతోంది. ఎవరెండేస్తారు దాన్ని, మీ తాతా? ఇన్నాళ్లూ నీకు శుభ్రముందనుకున్నాను. ఛీ."

నాకు పట్టరాని కోపమొచ్చింది. "బావా, మనిషివేనా? ఆ పిల్ల ఎక్కడ ఎగపోస్తూ ఉందో, నువ్వు తువ్వాలు గురించి..."

"ఆకుపచ్చ పడింది. రోడ్డు చూడు."

ఇంకో రెండు వీధులు తిరిగాక ఫోన్ చూసుకున్నాడు. "విన్నది" అన్నాడు.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఇంటికి పోదాం పద."

"ఇంకా వెతకొద్దా?"

"వెతకడానికి పోలీసుల్ని మేడమ్ చూసుకుంటోంది. ఇంట్లో కూడా ఎవరో ఒకరుండాలిగా."

ఇల్లు చేరగానే తిన్నగా మేడ మీద స్నానాలగదిలోకి వెళ్లి కొళాయి తిప్పాడు. ఇంత హడావిడిలో కూడా ముఖం కడుక్కోవాలనిపించిందా మహానుభావుడికి అని నేను పళ్లు నూరుకున్నాను.

నిజంగానే మనిషి కంటే ముందు ఈల వినిపించింది. వాన వెలిసిన వీధిలోంచి ఆ పిల్ల విసవిసా నడిచొస్తోంది. ముఖం పాలిపోయింది. కళ్లు మాత్రం నిప్పులు కురుస్తున్నాయి. గేటు తన్ని తోసింది.

"ఏది? ఎక్కడ... చూపించండి ఆ తువ్వాలు!"

మాటకీ మాటకీ మధ్య ఛాతీ కూస్తోంది. బావ జేబులోంచి ఇన్‌హేలర్ తీసి ముందుకు చాపాడు.

"ముందు పీల్చు. తర్వాత తిట్టు."

ఆమె ఆయన్నే ఉరిమి చూస్తూ పీల్చింది. మెట్ల మీద కూర్చుని మళ్లీ పీల్చింది. ఊపిరి అందేదాకా ఆయన పిట్టగోడ కేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్లి, నీళ్లోడుతున్న నీలం తువ్వాలు ఒకటి రెండు వేళ్లతో పట్టుకొచ్చాడు.

"ఇది నాది కాదు! నాది ఎర్రంచుది. తీగ మీదే ఉంది, పోయి చూస్కోండి."

"అలాగా? మరిదెవరిది?"

"నాకేం తెలుసు? చూడకుండా, అడక్కుండా అనేయడమే మీకు..."

"చెప్పకుండా పోయిన మనిషిని ఎట్లా అడగను?"

ఆ తగాదా సాయంత్రం దాకా నడిచింది. బేకరీ నుంచి వచ్చిన లాయరు, తన పరుపు పొడిగానే ఉందని ఈల తరఫున సాక్ష్యం చెప్పింది. మేడమ్ వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఈసారి నిజంగానే దొరికిందని చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. అన్ని తిట్ల మధ్యా అసలు సంగతి ముక్కలుగా బయటపడింది. ఈల ఆస్పత్రిలో, రోగులు వరసకోసం కూర్చునే హాల్లో ఉండిపోయిందట. అక్కడ కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరట.

"ఆస్పత్రిలో కూర్చుని మందు అడగలేదా తల్లీ?" అంది మేడమ్.

"అడిగితే పేరడుగుతారుగా." ఇన్‌హేలర్‌కి మూత పెడుతూ, "ఎలాగూ పంపించేస్తారు. నాలుగు వారాలు ముందైతే ఏంటట?" అంది.

"పంపించేది మేడమ్. తిట్టేది నేను" అన్నాడు బావ. "గది మారితే తిట్లు మారవు. నా నంబరు అదే."

అప్పుడు ఈల మొదటిసారి ఏడ్చింది. బావకి ఏం చేయాలో తోచక ఆ తడి తువ్వాలే ఇవ్వబోయాడు. ఆమె లాక్కుని విసిరికొట్టింది.

ఇదంతా జరిగి ఏళ్లైంది. బావ పోయిన తర్వాతి వారం అక్క దగ్గర కూర్చోవడానికి చాలామంది వచ్చారు. వాళ్లలో ఒకామె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తోందట, శుభ్రమైన బట్టల్లో ఉంది. మెట్లెక్కేటప్పుడు సన్నగా ఈల వినిపించి గుర్తుపట్టాను. నా పక్కన కూర్చుంది. ఊపిరి కుదుటపడ్డాక అడిగింది.

"ఆ తువ్వాలు మీరూ చూశారు కదండీ?"

"చూశాను."

"నేను పోయింది ముందురోజు మధ్యాహ్నం. ఒక రోజు దాటిన తువ్వాలు నీళ్లు కారుతుందా? అప్పుడు కోపంలో నాకూ తట్టలేదు. తర్వాత అది తీగ మీద వేస్తుంటే చూశాను. లోపల మడత ఇస్త్రీ చేసినట్టే ఉంది. తడిపింది ఆయనే."

నేను మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాను.

"గది మారాక కూడా వదల్లేదండీ. కత్తెర పట్టుకుపోయావు, డబ్బా మూత పట్టుకుపోయావు అని ఫోన్లు. మండిపోయి వచ్చేదాన్ని, లేదని చూపించడానికి. ఎన్ని సార్లు తిరిగానో. ఊరికే రమ్మంటే మేం రామని తెలుసు ఆయనకి." ముక్కు తుడుచుకుని, "మీరేం పట్టుకుపోయారనేవారు?" అంది.

"గొడుగు" అన్నాను.

అందరూ వెళ్లాక అక్కని అడిగాను, బావ నల్లగొడుగు దొరికిందా అని. అక్క నాకేసి వింతగా చూసింది. వంటింటి తలుపు ఎప్పుడూ గోడకి ఆనించి తెరిచే ఉంటుంది. ఆ పక్కనే ఉన్న కుర్చీలో కూర్చుని నేనెన్ని భోజనాలు చేశానో లెక్కలేదు. అక్క వెళ్లి ఆ తలుపు ముందుకు లాగింది. వెనక గోడకి మేకు, మేకుకి గొడుగు.

"ఇదా? ఇది పోయిందని నీకెవరు చెప్పారు? ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. పోయే ముందురోజు వానకి కూడా వేసుకెళ్లారుగా."